ఆసఫ్‌జాహీలు: ఏడుగురి లెక్క, పదిమంది వంశం

నిజాంలు ఎంతమంది అని అడిగితే తెలంగాణలో బడిపిల్లలు కూడా ఏడుగురని చెప్తారు. ఆ లెక్క తప్పు కాదు, కానీ పూర్తిదీ కాదు. 1724లో మొదలై 1948 సెప్టెంబరు 17న ముగిసిన ఆసఫ్‌జాహీ పాలనలో గద్దెనెక్కినవాళ్లు పదిమంది. లెక్కలోకి రాని ముగ్గురు నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్. 1748 నుంచి 1762 దాకా పద్నాలుగేళ్ల పాలన వీళ్లది. కోస్తా జిల్లాలు ఫ్రెంచివాళ్ల చేతికి పోవడానికీ, వాళ్లను ఓడించి ఇంగ్లీషువాళ్లు అక్కడ కాలూనడానికీ దారి పడింది ఆ పద్నాలుగేళ్లలోనే. ఆ ముగ్గురిని పక్కన పెట్టి చదివితే ఈ వంశం కథ తండ్రి నుంచి కొడుక్కి సాఫీగా నడిచినట్టు కనిపిస్తుంది. అసలు సంగతి అది కాదు.

మొదటే గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇంకొకటుంది. ఈ వంశ స్థాపకుడు పట్టాభిషేకం చేసుకోలేదు, స్వతంత్రం ప్రకటించలేదు, తన పేరుతో నాణెం కొట్టించలేదు. మొగలు చక్రవర్తి తరఫున దక్కన్‌ను ఏలే సుబేదారుగానే బతికాడు, సుబేదారుగానే చనిపోయాడు. రాజ్యమైతే కొడుక్కి వస్తుంది. సుబేదారీ అలా రాదు, పైనుంచి ఫర్మానా కావాలి. అందుకే ఈ వంశంలో ప్రతి వారసత్వం వెనకా ఒక ప్రశ్న ఉంది: ఈసారి గద్దె ఇప్పించింది ఎవరు? ఒకప్పుడు ఢిల్లీ, మరొకప్పుడు పుదుచ్చేరి, ఆ తర్వాత కలకత్తా.

సమర్‌ఖండ్ నుంచి గోల్కొండకు

వంశంలో మొదట హిందుస్థానానికి వచ్చినవాడు ఖ్వాజా ఆబిద్. సమర్‌ఖండ్ ప్రాంతంలో మతపండితుల కుటుంబం ఆయనది. పన్నెండు పదమూడు శతాబ్దాల నాటి బాగ్దాదు సూఫీ గురువు షేక్ షిహాబుద్దీన్ సుహ్రవర్దీ తమ మూలపురుషుడని, ఆయన ద్వారా తమ వంశం మొదటి ఖలీఫా అబూబకర్ దాకా వెళ్తుందని ఆసఫ్‌జాహీలు చెప్పుకునేవారు. షాజహాన్ పాలన చివరి రోజుల్లో హజ్ యాత్రకు బయలుదేరిన ఆబిద్ దారిలో మొగలు దర్బారును చూశాడు. షాజహాన్ కొడుకుల మధ్య గద్దె కోసం యుద్ధం మొదలయ్యేనాటికి ఔరంగజేబు పక్షాన చేరాడు. ఆ పక్షం గెలిచింది. ఆయనకు పదవులూ, ఖిలిచ్ ఖాన్ అన్న బిరుదూ దక్కాయి.

1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు ఖిలిచ్ ఖాన్ ఆ సేనలో ఉన్నాడు. ఫిరంగి గుండు తగిలి చేయి తెగిపోయింది. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే ఆయన రెండో చేత్తో కాఫీ తాగుతూ పక్కవాళ్లతో మాట్లాడుతున్నాడని అప్పటి కథనాలు చెప్తాయి. కొద్ది రోజులకే మరణించాడు. హిమాయత్‌సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో గోల్కొండ కోట పడిపోయింది, కుతుబ్‌షాహీల కథ ముగిసింది. ఏ రాజ్యాన్ని కూల్చే యుద్ధంలో తాత ప్రాణం పోయిందో, దాని రాజధానే తర్వాత మనవడి వంశానికి రాజధాని అయ్యింది.

ఖిలిచ్ ఖాన్ కొడుకు షిహాబుద్దీన్. గాజీయుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్ అన్న బిరుదుతో ఔరంగజేబు సేనానుల్లో అగ్రశ్రేణికి ఎదిగాడు. ప్లేగు సోకి చూపు పోయినా పదవి పోలేదు. చూపులేని సేనాని ఇరవై ఏళ్లకు పైగా సైన్యాన్ని నడిపాడు. 1710లో అహ్మదాబాదులో చనిపోతే ఢిల్లీ అజ్మీరీ గేటు దగ్గర తాను కట్టించిన మదర్సా ఆవరణలో ఖననం చేశారు. ఆ మదర్సాయే తర్వాత ఢిల్లీ కాలేజీగా ఎదిగింది. ఫిరోజ్ జంగ్ భార్య షాజహాన్ వజీరు సాదుల్లా ఖాన్ కూతురు. ఇటు కత్తి పట్టిన ఇల్లు, అటు కలం పట్టిన ఇల్లు. 1671 ఆగస్టులో ఈ దంపతులకు పుట్టిన కొడుకే మీర్ ఖమరుద్దీన్, ఆసఫ్‌జాహీ వంశ స్థాపకుడు.

రాజు కాని రాజు

ఖమరుద్దీన్ చిన్నప్పటి నుంచే ఔరంగజేబు కంట్లో పడ్డాడు. ఇరవై ఏళ్లయినా నిండకముందే చిన్ ఖిలిచ్ ఖాన్ అయ్యాడు. 1707లో ఔరంగజేబు పోయాక ఢిల్లీలో చక్రవర్తులు ఒకరి వెంట ఒకరు మారిపోతుంటే, ఈయన తొందరపడకుండా అదను కోసం కాచుకున్నాడు. 1713లో చక్రవర్తి ఫర్రుఖ్‌సియర్ ఆయనకు నిజాం-ఉల్-ముల్క్ బిరుదూ, దక్కన్ సుబేదారీ ఇచ్చాడు. రెండేళ్లకే ఆ పదవి ఊడిపోయింది. చక్రవర్తులను ఎక్కించి దించుతున్న సయ్యద్ సోదరుల సేనలను 1720లో ఓడించి దక్కన్‌ను మళ్లీ దక్కించుకున్నాడు. 1722లో చక్రవర్తి మహమ్మద్ షా పిలిపించి వజీరును చేశాడు. దర్బారు దినదినం పాడైపోతున్న తీరు చూసి అక్కడ చేయగలిగిందేమీ లేదని నిశ్చయించుకుని దక్షిణానికి తిరిగొచ్చేశాడు.

ఆయన రాకుండా ఆపమని దర్బారు హైదరాబాదులో ఉన్న ముబారిజ్ ఖాన్‌ను ఉసిగొల్పింది. 1724 అక్టోబరు 11న శకర్ ఖేడా దగ్గర, అంటే ఇప్పటి మహారాష్ట్ర బుల్ఢానా జిల్లాలో, ఇద్దరి సేనలూ తలపడ్డాయి. ముబారిజ్ ఖాన్ చనిపోయాడు. నిజాం ఆ ఊరి పేరును ఫతే ఖేడా అని మార్చి, ముబారిజ్ తలను తిరుగుబాటుదారుడి తలగా చెప్పి ఢిల్లీకి పంపాడు. చక్రవర్తి పంపిన మనిషినే చంపి, చక్రవర్తి కోసమే చంపానని చెప్పుకున్నాడన్నమాట. మహమ్మద్ షాకు ఒప్పుకోక తప్పలేదు. 1725లో ఇంకో బిరుదు పంపాడు: ఆసఫ్‌జా. సులేమాన్ ప్రవక్త కొలువులో మంత్రిగా చెప్పే ఆసఫ్ అంతటివాడని దాని భావం. రాజుకు కాదు, మంత్రికి ఇచ్చే గౌరవం అది. వంశానికి అదే పేరు నిలిచిపోయింది.

ఔరంగాబాదు, బేరారు, ఖాందేశ్, బీదరు, బీజాపూరు, హైదరాబాదు అనే ఆరు సుబాలు ఆయన కింద ఉండేవి. మరాఠాలతో మాత్రం పోరు తప్పలేదు. 1728లో పాల్‌ఖేడ్ దగ్గర పేష్వా మొదటి బాజీరావు ఆయన సేనను చుట్టుముట్టి సంధికి దించాడు. 1738లో భోపాల్ దగ్గర మరోసారి అదే జరిగింది. 1748 జూన్ 1న బుర్హాన్‌పూర్‌లో నిజాం కన్నుమూశాడు. ఔరంగజేబు సమాధి ఉన్న ఖుల్దాబాద్‌లోనే ఆయన సమాధి కూడా ఉంది. మరాఠాలు ఈ నేల జమీందార్లు, వాళ్లతో వీలైనంతవరకు సఖ్యంగా ఉండాలని మరణశాసనంలో వారసులకు చెప్పి పోయాడు.

ఈ స్థాపకుడి చుట్టూ హైదరాబాదు జనం నోట ఒక కథ తిరుగుతూ ఉంటుంది. ఔరంగాబాదు సూఫీ గురువు నిజాముద్దీన్ ఆకలిగొన్న ఖమరుద్దీన్‌కు కుల్చాలు పెట్టాడట. ఆయన ఏడు తిన్నాడట. నీ వంశం ఏడు తరాలు ఏలుతుందని గురువు దీవించాడట. ఆసఫ్‌జాహీ జెండా మధ్యలో ఉన్న గుండ్రని గుర్తు ఆ కుల్చాయేనని చెప్పుకుంటారు. ఈ కథ నిలవాలంటే ఏడుగురి లెక్క ఉండాలి, ఏడుగురి లెక్క నిలవాలంటే మధ్యలోని ముగ్గురు మరుగున పడాలి. కథ ఎప్పుడు పుట్టినా, లెక్కకు అది ఇచ్చిన బలం మాత్రం చాలా గట్టిది.

ఆరుగురు కొడుకులు, ఒక మనవడు

ఆసఫ్‌జాకు ఆరుగురు కొడుకులు. పెద్దవాడు గాజీయుద్దీన్ ఢిల్లీ దర్బారులో ఉండిపోయాడు. రెండోవాడు నాసిర్ జంగ్ తండ్రి బతికుండగానే ఒకసారి తిరగబడి ఓడిపోయి, క్షమాపణ పొందినవాడు. తండ్రి పోయినప్పుడు దగ్గరున్నది ఇతడే, ఖజానా చేతికందిందీ ఇతడికే. గద్దెనెక్కాడు. ఎదురు తిరిగినవాడు అన్నదమ్ముల్లో ఒకడు కాదు, అక్క కొడుకు. ఆసఫ్‌జా కూతురు ఖైరున్నిసా బేగం కొడుకు హిదాయత్ ముహియుద్దీన్, ముజఫర్ జంగ్ అన్న పేరుతో ముందుకొచ్చాడు. తాత తననే వారసుడిగా అనుకున్నాడన్నది అతడి వాదన.

ఇక్కడే ఆట మారింది. ఆర్కాటు నవాబీ కోసం పోరాడుతున్న చందా సాహెబు, పుదుచ్చేరి గవర్నరు డూప్లే, ముజఫర్ జంగ్ ముగ్గురూ ఒక్కటయ్యారు. 1749 ఆగస్టులో ఆంబూరు దగ్గర ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్‌ను చంపారు. నాసిర్ జంగ్ పెద్ద సైన్యంతో దక్షిణానికి కదిలి మేనల్లుణ్ణి పట్టి ఖైదు చేశాడు. కానీ 1750 డిసెంబరులో సెంజి కోట దగ్గర, ఫ్రెంచివాళ్ల దాడి నడుస్తుండగా, తన వెంట వచ్చిన కడప, కర్నూలు పఠాన్ నవాబుల కుట్రకు బలయ్యాడు. ఏనుగు మీద కూర్చున్నవాడిని తుపాకీతో కాల్చేశారు. ఆ క్షణంలోనే ఖైదులోని ముజఫర్ జంగ్‌ను తెచ్చి గద్దె మీద కూర్చోబెట్టారు.

ఆ గద్దె రెండు నెలలు కూడా నిలవలేదు. 1751 ఫిబ్రవరిలో కొత్త నిజాం ఫ్రెంచి సేనానాయకుడు బుస్సీ కాపలాలో హైదరాబాదుకు వస్తుంటే, రాయచోటి సమీపంలో అవే పఠాన్ నవాబులతో తగాదా యుద్ధంగా మారింది. ముజఫర్ జంగ్ అక్కడే చనిపోయాడు. అతడికి పసికొడుకు ఉన్నాడు. బుస్సీ ఆ పసివాణ్ణి పట్టించుకోలేదు. శిబిరంలోనే ఖైదీగా ఉన్న ఆసఫ్‌జా మూడో కొడుకు సలాబత్ జంగ్‌ను బయటికి తెచ్చి నిజాంను చేశాడు. ఒక ఫ్రెంచి అధికారి రాయచోటి దగ్గరి గుడారాల్లో దక్కన్ పాలకుణ్ణి ఎంపిక చేశాడు. ఈ వంశ చరిత్రలో దీనికి మించిన పతనం ఇంకొకటి కనిపించదు.

సలాబత్ జంగ్ పదకొండేళ్లు పాలించాడు. అందులో సింహభాగం బుస్సీ పాలనే. సైన్యం జీతాలకని 1753లో ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం, ముస్తఫానగరం అనే ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధానికి బుస్సీ వచ్చింది ఈ సర్కారుల హక్కుదారుగానే. తాండ్ర పాపారాయుడు విజయరామరాజును పొడిచి చంపిన ఆ కథను తెలుగువాళ్లు బుర్రకథగా పాడుకుంటారు. దాని వెనక హైదరాబాదు గద్దె తగాదా ఉందన్న సంగతి చాలామందికి తోచదు. 1758 చివర్లో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం దగ్గర ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడిపోగానే సలాబత్ జంగ్ మరుసటి నెలలోనే గెలిచినవాళ్లతో సంధి చేసుకున్నాడు.

ఈలోగా పెద్దన్న గాజీయుద్దీన్ ఢిల్లీ నుంచి ఫర్మానా పట్టుకుని 1752లో ఔరంగాబాదు చేరాడు. చేరిన కొద్ది రోజులకే విషప్రయోగంతో చనిపోయాడు. అతడి కొడుకు ఇమాదుల్‌ముల్క్ ఢిల్లీలో వజీరై, 1754లో చక్రవర్తి అహ్మద్ షా కళ్లు తీయించాడు, 1759లో రెండో ఆలంగీర్‌ను చంపించాడు. ఒకే మనిషి కొడుకులూ మనవలూ ఒకవైపు మొగలు చక్రవర్తులను కూలుస్తున్నారు, మరోవైపు ఆ చక్రవర్తుల పేర్లతోనే నాణేలు కొట్టిస్తున్నారు.

చివరికి గెలిచినవాడు నాలుగో కొడుకు నిజాం అలీ ఖాన్. 1762లో అన్న సలాబత్ జంగ్‌ను దించి బీదరు కోటలో బంధించాడు. మరుసటి ఏడాది ఆ అన్న ఖైదులోనే చనిపోయాడు. ఢిల్లీ నుంచి ఆసఫ్‌జా బిరుదు మళ్లీ వచ్చింది నిజాం అలీకే. అందువల్ల అతడు రెండో ఆసఫ్‌జా. మధ్యలో ముగ్గురికి ఆ బిరుదు రాలేదు కాబట్టి వరుసలో వాళ్లకు అంకె లేదు. ఏడు అన్నది బిరుదుల లెక్క, పది అన్నది పాలకుల లెక్క.

రెండు నుంచి ఆరు దాకా

నిజాం అలీ ఖాన్ నలభై ఒక్క ఏళ్లు ఏలాడు. రాజధానిని ఔరంగాబాదు నుంచి హైదరాబాదుకు మార్చింది ఈయనే. అప్పటిదాకా ఆసఫ్‌జాహీలకు హైదరాబాదు ఆరు సుబాల్లో ఒక సుబా కేంద్రం మాత్రమే. ఈయన 1766లో ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చాడు. తమ్ముడు బసాలత్ జంగ్ కింద ఉండే గుంటూరు 1788లో కంపెనీకి చేరింది. 1795లో ఖర్డా దగ్గర మరాఠాల చేతిలో ఘోరంగా ఓడిపోయాక, 1798లో కంపెనీ సైన్యసహకార ఒప్పందానికి తల ఒగ్గాడు. భారత పాలకుల్లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ షరతులకు మొదట ఒప్పుకున్నది హైదరాబాదే. ఆ సైన్యం ఖర్చు కింద 1800లో బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు పోయాయి. దత్తమండలాలన్న పేరు వాటికి అప్పుడే పడింది. కోస్తా, సీమ, తెలంగాణ అని తెలుగునేల మూడు ముక్కలుగా చీలిపోయింది ఈ ఒక్క మనిషి సంతకాలతోనే. తెలుగువాళ్ల చరిత్రలో ఇంత బరువైన పేరు మరో నిజాంది లేదు, ఏడో నిజాంతో సహా.

మూడో ఆసఫ్‌జా సికందర్ జా (1803–1829) పేరు 1806లో కంటోన్మెంటుకు పెట్టారు. అదే సికింద్రాబాదు. ఆయన కొడుకు నాసిరుద్దౌలా (1829–1857) కాలానికి ఖజానా అప్పుల్లో మునిగింది. హైదరాబాదు కంటింజెంట్ అనే సైన్యం బాకీల కింద 1853లో బేరారును కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. అదే ఏడాది ఇరవై నాలుగేళ్ల మీర్ తురాబ్ అలీ ఖాన్ దివాన్ అయ్యాడు. మొదటి సాలార్‌జంగ్ ఈయనే. తర్వాత ముప్పై ఏళ్లు రాజ్యం నడిచింది ఆయన చేతుల మీదుగానే. జిల్లాలు, రెవెన్యూ, కోర్టులు అన్నీ ఆయన ఏర్పాట్లే.

ఐదో ఆసఫ్‌జా అఫ్జలుద్దౌలా (1857–1869) గద్దెనెక్కిన కొన్నాళ్లకే తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం 1857 జులై 17న కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేశారు. నిజాం, దివాన్ ఇద్దరూ ఇంగ్లీషువాళ్ల పక్షానే నిలిచారు. బదులుగా 1860లో యాభై లక్షల అప్పు మాఫీ అయ్యింది, రాయచూరు, నల్దుర్గ్ ప్రాంతాలు తిరిగి వచ్చాయి. ఢిల్లీలో మొగలు గద్దె లేకుండా పోవడంతో హైదరాబాదు నాణేల మీద చక్రవర్తి పేరు ఆగిపోయింది. వంశం మొదలైన 134 ఏళ్లకు నిజాం తన పేరుతో నాణెం కొట్టించాడు. అది కూడా గెలిచి కాదు, పైనున్న చక్రవర్తి లేకుండా పోవడం వల్ల.

ఆరో ఆసఫ్‌జా మహబూబ్ అలీ ఖాన్ రెండున్నరేళ్ల పసివాడుగా 1869లో గద్దెనెక్కాడు. 1884లో వైస్రాయి రిప్పన్ వచ్చి పాలనాధికారాలు అప్పగించాడు. 1908 మూసీ వరదలో రోడ్డున పడ్డ జనం కోసం తన కోటలు తెరిపించాడని పాతబస్తీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఇష్టంగా మహబూబ్ అలీ పాషా అని పిలుచుకుంది. పాము కరిచినవాళ్లు ఆయన పేరు తలుచుకుంటే విషం దిగుతుందన్న నమ్మకం కూడా ఆ ఇష్టంలోంచే పుట్టింది. ఈ వంశంలో జనం ప్రేమించిన పాలకుడు ఎవరని అడిగితే జవాబు ఆయనే. ఇక ఈ వంశం వియ్యం పైగాలనే అమీరు కుటుంబాలతో సాగింది. నిజాం కూతుళ్లనో చెల్లెళ్లనో పైగా అమీర్లకు ఇవ్వడం తరతరాల ఆనవాయితీ. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన వికారుల్ ఉమ్రా అఫ్జలుద్దౌలాకు అల్లుడే.

ఏడో నిజాం, పోచారం నీళ్లు

1911 ఆగస్టు 29న మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి అన్నీ ఈయన కాలానివే. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ఈయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది.

రాజధానిని వదిలి ఉత్తరానికి వెళ్తే ఈ పాలన ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఎల్లారెడ్డికి దగ్గరలో, ఇప్పటి కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలంలో, మంజీరలో కలిసే వాగుకు అడ్డంగా 1916 నుంచి 1922 దాకా పోచారం ఆనకట్ట కట్టారు. ఎత్తు తక్కువ, పొడవు ఎక్కువ ఉన్న రాతి కట్ట అది. వానాకాలం నిండితే కట్ట పొడవునా నీళ్లు పొంగి పొర్లుతాయి. అది చూడటానికి మెదక్, కామారెడ్డి వైపుల నుంచి జనం వస్తారు. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాంల వేటస్థలం. 1952లో దాన్ని పోచారం అభయారణ్యంగా ప్రకటించారు. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో చిరుతలు, ఎలుగుబంట్లు, దుప్పులు, నీలుగాయిలు ఉన్నాయి. చలికాలంలో చెరువుకు వలసపక్షులు వస్తాయి.

పోచారం పూర్తయిన మరుసటి ఏడాదే ఇంకా పెద్ద పని మొదలైంది. మంజీర మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో ప్రారంభించి 1931లో ముగించారు. చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజు జులై 11ను ఇప్పుడు తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ నీళ్లతో బాన్సువాడ, బోధన్ ప్రాంతాలు పచ్చబడ్డాయి, బోధన్ చుట్టూ చెరకు విస్తరించింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టగలిగింది ఆ చెరకు వల్లే.

ఈ మంజీర నేల మీద ఆసఫ్‌జాహీల కంటే పాత వంశాలున్నాయి. దోమకొండను ఏలిన కామినేనివారు కుతుబ్‌షాహీల నాడే పేరున్నవాళ్లు. వాళ్లలో ఒకడైన మల్లారెడ్డి పదహారో శతాబ్దంలోనే షట్చక్రవర్తి చరిత్ర, శివధర్మోత్తరము రాశాడు. అంటే ఖ్వాజా ఆబిద్ సమర్‌ఖండ్ దాటకముందే ఇక్కడి దొరల ఇంట తెలుగు కావ్యం పుట్టింది. దోమకొండతో పాటు పాపన్నపేట, సిర్నాపల్లి సంస్థానాలు నిజాంకు పేష్కష్ అనే కప్పం కట్టి తమ ఊళ్లను తామే ఏలుకున్నాయి. సిర్నాపల్లిని శీలం జానకీబాయి చాలా ఏళ్లు సమర్థంగా నడిపింది. దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది.

నీళ్ల గురించి చెప్పి భూమి గురించి చెప్పకపోతే అది అన్యాయం. రాజ్యంలో దాదాపు నలభై శాతం నేల జాగీర్ల కిందా, నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫేఖాస్ కిందా ఉండేది. సర్ఫేఖాస్ ఒక్కటే పదో వంతు. అక్కడ రైతుకు పట్టా లేదు, ఊళ్లలో గడీల కింద వెట్టి నడిచేది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయాక లేచిన సాయుధ పోరాటం, రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరు సైనిక చర్య అన్నీ ఆ భూమి కథకే ముగింపు ఘట్టాలు. ఆనకట్టలు కట్టింది, వెట్టిని సాగనిచ్చింది ఒకే పాలన. ఒకటి చెప్పి రెండోది దాస్తే ఏడో నిజాం ఎవరికీ అర్థం కాడు. 1949లో సర్ఫేఖాస్ ప్రభుత్వ భూమి అయిన దివానీలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి.

రాజ్యం పోయాక వంశం

ఉస్మాన్ అలీ ఖాన్ 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 దాకా హైదరాబాదు రాష్ట్ర రాజప్రముఖ్‌గా ఉన్నాడు. ఏడాదికి యాభై లక్షల రాజభరణం ఇచ్చేవారు. ఆయన భార్య దుల్హన్ పాషా బేగం కొడుకులు ఆజం జా, మొఅజ్జం జా. వీరిద్దరి పెళ్లిళ్లు 1931 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరంలో జరిగాయి. గద్దె పోయి ప్రవాసంలో ఉన్న చివరి ఒట్టోమన్ ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు దుర్రెషెవర్ ఆజం జాకూ, ఆ వంశంలోనే పుట్టిన నీలోఫర్ మొఅజ్జం జాకూ భార్యలయ్యారు. హైదరాబాదులో ఒకరి పేరున ఆసుపత్రి, మరొకరి పేరున ప్రసూతి ఆసుపత్రి నేటికీ ఉన్నాయి. కాన్పు సమయంలో తన పరిచారిక చనిపోవడం చూసి చలించిన నీలోఫర్ పూనికతో ఆ ప్రసూతి ఆసుపత్రి పుట్టింది.

ఏడో నిజాం పెద్దకొడుకును పక్కన పెట్టి, మనవడు ముకర్రం జాను వారసుడిగా నిర్ణయించాడు. 1967 ఫిబ్రవరి 24న తాత మరణించగానే భారత ప్రభుత్వం ముకర్రం జాను గుర్తించింది. అంటే ఈ వంశంలో చివరి గుర్తింపు కాగితం కూడా మొదటిదాని మాదిరిగా ఢిల్లీ నుంచే వచ్చింది. ఆ ఏప్రిల్ 6న చౌమహల్లాలో వేడుక జరిగింది. 1971లో రాజ్యాంగ 26వ సవరణ రాజభరణాలనూ, బిరుదుల గుర్తింపునూ రద్దు చేసింది. ముకర్రం జా పశ్చిమ ఆస్ట్రేలియాలో విశాలమైన గొర్రెల క్షేత్రం కొనుక్కుని చాలా కాలం అక్కడే ఉన్నాడు. తర్వాత తుర్కియేలో స్థిరపడ్డాడు. 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో మరణించాక పెద్దకొడుకు అజ్మత్ జాను కుటుంబం తమ పెద్దగా ప్రకటించింది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు పతనమైన రోజుల్లో లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారిన పది లక్షల పౌండ్ల మీద దావా డెబ్బై ఏళ్లు నడిచింది. వడ్డీతో కలిసి మూడున్నర కోట్ల పౌండ్లయిన ఆ సొమ్ము భారత ప్రభుత్వానికీ, నిజాం వారసులకూ చెందుతుందని 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు ఇచ్చింది.

ఈ వంశాన్ని వరుసగా కళ్లారా చూడాలనుకునే పాఠకులకు దారి ఇది. ఖ్వాజా ఆబిద్ సమాధి కిస్మత్‌పూర్‌లో, ఫిరోజ్ జంగ్ సమాధి ఢిల్లీ అజ్మీరీ గేటు దగ్గర, మొదటి ఆసఫ్‌జా, నాసిర్ జంగ్‌ల సమాధులు ఖుల్దాబాద్‌లో ఉన్నాయి. రెండో ఆసఫ్‌జా నుంచి ఆరో ఆసఫ్‌జా దాకా హైదరాబాదు మక్కా మసీదు ఆవరణలో ఒకే వరుసలో ఉన్నారు. ఏడో నిజాం సమాధి కింగ్ కోఠీ ఎదుట మస్జిదే జూదీలో, తల్లి సమాధి పక్కన ఉంది. ముకర్రం జాను 2023 జనవరి 18న మక్కా మసీదులోనే ఖననం చేశారు.